నిమ్మకాయ తొక్కించాక బండిని ఎవరు చూస్తారు?

(ఆయుధపూజకు ముందు ఆదివారం, బెంగళూరు వైట్‌ఫీల్డ్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లోని తెలుగువాళ్లు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచినాయన ఫోన్లో, "బండ్ల గురించి పనికొచ్చేది ఏదైనా చెప్పండి సార్, మైలేజీ చిట్కాలైనా సరే" అన్నారు. మైలేజీ చిట్కాలు నా దగ్గర లేవు. మాది మదనపల్లె. ముప్పై ఏళ్లుగా మహదేవపుర వైపు చిన్న గ్యారేజీ నడుపుతున్నాను. మైకు పట్టుకోవడం ఇది రెండోసారి. మొదటిసారి మా అమ్మాయి పెళ్లిలో పట్టుకుంటే జనం భోజనాలకు లేచిపోయారు. ఇవాళ కాఫీ ఆఖర్న పెట్టారు కాబట్టి ధైర్యంగా ఉంది.

వచ్చే వారం మీ బేస్‌మెంట్‌లో బండ్లన్నీ కడుగుతారు. పసుపు, కుంకుమ, బంతిపూల దండ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. మన బెంగళూరులో వాటికి తోడు బూడిద గుమ్మడికాయ రోడ్డు మధ్య పగలగొట్టి అలాగే వదిలేస్తాం. ఆ గుజ్జు మీద వెనక వచ్చే బైకువాడు జారి పడతాడు. మన దిష్టి పోయి వాడికి తగులుతుందన్నమాట. నేనూ పూజ చేసేవాణ్ణే, స్పానర్లకు కూడా బొట్టు పెడతాను. కానీ చాలా సొంత కార్లకు ఏడాది మొత్తంలో జరిగే తనిఖీ ఆ పూజ ఒక్కటే. నిమ్మకాయ పెట్టడానికి టైరు దాకా వంగుతారు గానీ ఆ టైరును మాత్రం చూడరు.

చట్టం ఏం చెబుతోందో క్లుప్తంగా చెప్తాను. ఆటో, ట్యాక్సీ, లారీ, బస్సు, అంటే పసుపు నంబరు ప్లేటుతో (ఎల్లో బోర్డు) బాడుగకు తిరిగే బండ్లన్నిటికీ ఎఫ్‌సీ, అదే బండి రోడ్డుకు పనికొస్తుందని ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఉండాలి. కొత్త బండికి మొదట రెండేళ్లు. ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి. తెల్ల నంబరు ప్లేటున్న మన సొంత (వైట్ బోర్డు) కారుకు, బైకుకు అయితే రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. ఆ పదిహేనేళ్లలో బ్రేకు ఉందా లేదా అని చూసే అధికారి ఎవరూ లేరు. పదిహేను నిండాక చూస్తారు, అయిదేళ్లకు పొడిగిస్తారు. కారుకు ఆ ఫీజు 2022 ఏప్రిల్లో 600 నుంచి 5,000 రూపాయలైంది.

కదిరి నుంచి వచ్చి ఇక్కడ ఆటో నడిపే కుర్రాడొకడు నా దగ్గరికి వస్తుంటాడు. ఒకసారి కె.ఆర్.పురం దగ్గర ఎవరిదో కారు వెనక నుంచి గుద్దింది. రెండు చేతులతో బంపరు పట్టుకుని వచ్చాడు. "అన్నా, నా బండిని ఏడాదికోసారి చూస్తారు. గుద్దిన కారును చివరిసారి ఎవరు చూశారో అడుగు" అన్నాడు. నేను నవ్వేశాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాడు ఎఫ్‌సీకి పెట్టిన రోజు సంపాదన ఉండదు. ఒక రోజు ఆలస్యమైతే రోజుకు 50 రూపాయలు అదనం. గుద్దినాయన కారు తొమ్మిదేళ్లది, దానికి అలాంటి రోజు ఒక్కటీ రాలేదు. రోడ్డు ఇద్దరిదీ ఒకటే. తేడా నంబరు ప్లేటు రంగులోనే.

ఎల్లో బోర్డు ఎక్కువ తిరుగుతుంది, డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకుంటుంది, అందుకే ఎక్కువ చూడాలి అంటారు. ఒప్పుకుంటాను. ఎక్కువ చూడండి. రెండో దాన్ని అసలు చూడకపోవడానికి అది కారణం ఎలా అవుతుంది?

ఇక ఎఫ్‌సీ ఎలా జరుగుతుందో కూడా చెప్పాలి. మన జనం మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరును బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటారు. చాలా మంచి పేరు. అయితే ఒక ఆఫీసులో, పేరు వద్దు, నేను తీసుకెళ్లిన టెంపో బ్రేకును ఎవరూ తొక్కి చూడలేదు. రేడియం స్టిక్కర్ చూశారు, హారన్ కొట్టించారు, ఫోటో తీశారు, అయిపోయింది. నేనూ తప్పు చేశాను, ఒప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట, గుండు టైర్లతో వచ్చిన ఒక బండికి నా దగ్గరున్న మంచి టైర్లు ఒక్క రోజు బాడుగకిచ్చాను. సాయంత్రం ఎఫ్‌సీ కాగితంతో తిరిగొచ్చాక మళ్లీ పాత టైర్లే బిగించాను. ఆ బండి ఏ ప్రమాదమూ చేయలేదు. అది నా అదృష్టం, నా గొప్ప కాదు.

అందుకే మెషీన్లు వస్తున్నాయంటే నాకు సంతోషం. 2021లో ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లకు కేంద్రం నిబంధనలు తెచ్చింది. చక్రాలు రోలర్ల మీద తిరుగుతుంటే బ్రేకు తొక్కుతారు. ఏ చక్రానికి ఎంత పట్టు ఉందో మెషీన్ అంకెలు చూపిస్తుంది. ఎడమ కుడి పట్టులో తేడా ఉంటే బండి ఒక పక్కకు లాగుతుంది, కంటికి అది కనపడదు. ఆ నిబంధనల్లో నాకు బాగా నచ్చింది ఇంకొకటి ఉంది. పరీక్ష చేసేవాడు రిపేరు చేయకూడదు, స్పేర్ పార్టులు అమ్మకూడదు. గ్యారేజీవాణ్ణి నేనే చెబుతున్నాను, ఇది చాలా అవసరం. పరీక్షా నాదే, రిపేరూ నాదే అయితే మీ బండిలో నాకు ప్రతిరోజూ ఏదో ఒక రోగం కనిపిస్తుంది.

ఇప్పుడు మీలో చదువుకున్నవాళ్లు అడిగే ప్రశ్న. అసలు ఈ తనిఖీల వల్ల ప్రాణాలు దక్కుతాయా? అమెరికాలో 2005 నుంచి 2007 దాకా జరిగిన ప్రమాదాలను అక్కడి ప్రభుత్వ సంస్థ లోతుగా పరిశీలించింది. సుమారు 94 శాతం ప్రమాదాల్లో చివరి కారణం డ్రైవరు, సుమారు 2 శాతంలో బండి. ఈ లెక్క చూపించే చాలామంది తనిఖీ దండగ అంటారు. న్యూజెర్సీ 2010లో సొంత కార్లకు బ్రేకులు, లైట్ల తనిఖీ ఎత్తేసింది. టెక్సస్ 2025 జనవరి 1 నుంచి ఎత్తేసింది. తమాషా ఏమిటంటే టెక్సస్‌లో తనిఖీ పోయింది గానీ ఏడున్నర డాలర్ల ఫీజు పోలేదు, వేరే పేరుతో కడుతున్నారు. ప్రభుత్వాలు ఎక్కడైనా ఒక్కటే!

నేనూ ఆ 2 శాతం చూసి తగ్గిపోయేవాణ్ణే, ముప్పై ఏళ్లు గుద్దిన బండ్లు చూడకపోయి ఉంటే. ముందు బండి ఆగింది, వెనకవాడు బ్రేకు తొక్కాడు, టైరు అరిగిపోయి ఉంది, తడి రోడ్డు, పది అడుగులు ఎక్కువ జారాడు. ఏమని రాస్తారు? అతివేగం, అజాగ్రత్త. ఆ పది అడుగులు డ్రైవరు ఖాతాలో పడతాయి. ప్రమాదం తర్వాత మన బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కూడా బండి చూసి రిపోర్టు ఇస్తారు. నష్టపరిహారం కేసుల తీర్పులు చదివినవాళ్లకు ఆ వాక్యం కంఠతా వస్తుంది: ప్రమాదం యాంత్రిక లోపం వల్ల జరగలేదు. సుత్తి దెబ్బ తగిలిన కుండను చూసి, అంతకుముందు బీట ఉందో లేదో చెప్పడం అంత తేలిక కాదు. పైగా అమెరికాలో జనం కార్లలో తిరుగుతారు. మన దేశంలో 2022లో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే, అందులో 44 శాతం పైగా టూవీలర్ల మీద వెళ్లేవాళ్లు. కారుకు ఒక టైరు పేలితే ఇంకో మూడు ఉంటాయి. బైకుకు?

మనవాళ్లకు బాగా అర్థమయ్యే ఉదాహరణ ఒకటి చెప్తాను. మీలో సగం మంది ఏడాదికి రెండుసార్లు తిరుమల వెళ్తారు. కోలారు, ముళబాగిలు, పలమనేరు, మొగిలి ఘాట్, చిత్తూరు. బెంగళూరు ట్రాఫిక్‌లో కారు ఇరవై స్పీడులో పాకుతుంది కాబట్టి బ్రేకు బాగానే ఉందనిపిస్తుంది. బ్రేకు ఆయిలు గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అని డబ్బా మీద ఉంటుంది చూడండి, అది కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక 155కే మరిగినా ప్రమాణానికి లోబడే ఉన్నట్టు. తిరుమల నుంచి దిగేటప్పుడు మలుపు మలుపుకూ బ్రేకు తొక్కుతూనే ఉంటారు, అంతా వేడెక్కిపోతుంది, ఆయిల్లో ఆవిరి బుడగలు లేస్తాయి, పెడలు మెత్తగా కిందికి దిగిపోతుంది. రెండేళ్లకోసారి ఆయిలు మార్చమంటే, "బ్రేకు బాగానే పడుతోంది కదా" అంటారు. ఇక్కడ పడుతోంది స్వామీ, అక్కడి సంగతి నేను చెప్తున్నాను. గ్యారేజీవాడి మాట నమ్మరు, తప్పు కాదు. నేను అమ్ముకునేవాణ్ణి. అందుకే ఏమీ అమ్మని మనిషి ఒకడు చెప్పాలి.

బ్రిటన్‌లో సొంత కార్లకు కూడా తప్పనిసరి తనిఖీ 1960 నుంచి ఉంది. మొదట పదేళ్లు దాటిన బండ్లకే పెట్టారు, 1967కి మూడేళ్లకు దించారు. ఆ తర్వాత ఏటా చేయించాలి. జర్మనీ, జపాన్‌లలో కొత్త కారుకు మూడేళ్లు, ఆ తర్వాత రెండేళ్లకోసారి. బ్రిటన్ పద్ధతిలో నాకు నచ్చింది పాస్, ఫెయిల్ కాకుండా మూడో మాట ఉండటం. బండి పాసైనా, ఫలానాది త్వరలో అరిగిపోతుంది, కనిపెట్టుకోండి అని రాసిస్తారు. ఫలితం ఆన్‌లైన్‌లో ఉంటుంది, పాత కారు కొనేవాడు నంబరు కొట్టి చూసుకోవచ్చు. ఇక్కడ పాత కారు కొనడమంటే పెళ్లిచూపులే, పౌడరు రాసి చూపిస్తారు.

అలా అని ఆ పద్ధతి ఇక్కడ దించేయమని నేను అనను. పధ్నాలుగేళ్ల పాత బైకు మీద పనికి వెళ్లే పెయింటరును ఒక రోజు లైన్లో నిలబెట్టి, ఫెయిలు చేసి, బండి లాక్కుంటే అది తనిఖీ కాదు, శిక్ష. వాడి బండికి కావలసింది బ్రేకు షూ, కొన్ని వందల రూపాయల పని. సరిచేసుకోవడానికి నెల టైమివ్వాలి, రెండోసారి చూసినప్పుడు ఫీజు తీసుకోకూడదు.

దీనికి కొత్త ఆఫీసు కూడా అక్కర్లేదు. మనందరం ఎమిషన్ టెస్టుకు వెళ్తూనే ఉన్నాం కదా, పాత బండి ఆరు నెలలకు, బీఎస్ 4 అనే పొగ ప్రమాణం వచ్చాక తయారైనవి ఏడాదికి. పెట్రోలు బంకు పక్కన ఆ కుర్రాడు సైలెన్సర్లో గొట్టం పెడతాడు, నంబరు ప్లేటు ఫోటో తీస్తాడు. ఆ గొట్టం పక్కనే, జానెడు దూరంలో, వెనక టైరు ఉంటుంది. దాన్ని చూసే పని అతనికి లేదు. టైరు, బ్రేకు లైటు, హెడ్‌లైటు, ముందు వెనక బ్రేకులు, అయిదు నిమిషాలు పట్టదు. వాడు టైర్లు అమ్మడు కూడా. మొదట అక్కడ మొదలుపెట్టి, ఎనిమిదేళ్లు దాటిన కార్లను మాత్రం రోలర్ల మీదకు పంపమంటాను. ఎల్లో బోర్డయినా వైట్ బోర్డయినా.

ప్రభుత్వం ఎప్పుడు చేస్తుందో నాకు తెలీదు. ఇవాళ మనం చేయగలిగింది కింద పార్కింగులో ఉంది. టైరు పక్కన నాలుగంకెలు చూడండి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైంది. కారు టైరు గాడి 1.6 మిల్లీమీటర్ల కన్నా, బైకుది 0.8 కన్నా తగ్గకూడదని రూలు. కొలిచే గేజీ, బ్రేకు ఆయిల్లో తేమ చూసే పెన్నూ తెచ్చాను. డబ్బు తీసుకోను, ఏదైనా మార్చాలంటే మీకు నచ్చిన గ్యారేజీకే వెళ్లండి.

కాఫీ తాగి అందరూ కిందికి రండి. నా స్కూటర్‌తో మొదలుపెడదాం. దాని వెనక బ్రేకు లైటు మూడు వారాలుగా వెలగడం లేదని మా ఆవిడ చెబుతూనే ఉంది.