నది వదిలేసిన రాళ్లలో బోర్డో బ్లెండ్: గింబ్లెట్ గ్రావెల్స్

బోర్డో ఫ్రాన్స్‌లో ఉంది. బోర్డో బ్లెండ్ అనే రెడ్ వైన్ మాత్రం ప్రపంచమంతా ఉంది. క్యాబర్నే సావిన్యో, మెర్లో, క్యాబర్నే ఫ్రాంక్, మాల్బెక్, పెటి వెర్డో. ఈ ద్రాక్ష రకాల్లో రెండో మూడో తీసుకుని, దేనికది పులియబెట్టి, ఆ తర్వాత కలిపితే అదే బోర్డో బ్లెండ్. ఈ వీడియోలో మనం చూసేది న్యూజిలాండ్ ఉత్తర దీవి తూర్పు తీరంలో, హాక్స్ బేలో, హేస్టింగ్స్ పక్కనే ఉన్న గింబ్లెట్ గ్రావెల్స్.

తెర మీద ఈ నేల చూడండి. మట్టి తక్కువ, గులకరాళ్లు ఎక్కువ. 1867లో పెద్ద వరదొచ్చి నారురోరో నది దారి మార్చుకుంది. అది వదిలేసిన పాత దారే ఇది, సుమారు 800 హెక్టార్లు. వందేళ్లకు పైగా ఎవరికీ పట్టలేదు. కంకర తవ్వుకున్నారు, సైనికులు తుపాకులు పేల్చడం నేర్చుకున్నారు, ఊరి చెత్త తెచ్చి పోశారు. 1981లో క్రిస్ పాస్క్ ఇక్కడ తీగలు నాటాకే ఈ రాళ్ల విలువ బయటపడింది.

ఆ విలువ ఏమిటంటే, వేడి. రాళ్లు పగలు ఎండను పట్టుకుని, పొద్దుగుంకాక మెల్లగా వదులుతాయి. నీళ్లు నిలవవు. చుట్టుపక్కల ఒండ్రు నేలలో తీగ ఏపుగా ఆకు వేసుకుంటూ పోతుంది, కాయ పండడం వెనకబడుతుంది. ఇక్కడ ఆ బలం లేదు కాబట్టి కాయ చిన్నది, తొక్క మందం. రంగు ఉండేది ఆ తొక్కలోనే, వగరూ అందులో ఉంటుంది. కాకపోతే డ్రిప్ లేకుండా ఇక్కడ తోట బతకదు.

ఇక్కడో తిరకాసు ఉంది. బోర్డోలో నది ఎడమ ఒడ్డున, గులకరాళ్ల నేలల్లో రాజ్యం క్యాబర్నే సావిన్యోది. బంకమట్టి ఉన్న కుడి ఒడ్డున మెర్లోది. గింబ్లెట్‌లో రాళ్లున్నా చాలా సీసాల్లో పెద్ద వాటా మెర్లోదే. ఎందుకంటే హాక్స్ బే చల్లని ప్రాంతం. మెర్లో ముందే పండుతుంది. క్యాబర్నే ఏప్రిల్ దాకా, అంటే అక్కడి శరత్కాలం దాకా ఆగాలి, ఈలోపు వాన వస్తే కుళ్లు పడుతుంది. భయపడి ముందే కోస్తే పచ్చి క్యాప్సికమ్ వాసన. ఆ వాసన పీపాలో పోదు, సీసాలోనూ పోదు. తోటలోనే పోవాలి. అందుకే పిందె పట్టగానే గుత్తుల చుట్టూ ఆకు తీసి ఎండ తగలనిస్తారు. కోతకు ముందు గింజ నమిలి చూస్తారు. గింజ గోధుమరంగుకు తిరగాలి. ఇంకా ఆకుపచ్చగా ఉంటే చక్కెర శాతం ఎంత చూపించినా ఆగాల్సిందే.

మెర్లోను నమ్ముకున్నా గండం లేకపోలేదు. పూత సమయంలో చల్లటి వాన పడితే పూత రాలిపోతుంది, పిందె పట్టదు. మామిడి రైతుకు ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. నాలుగు రకాలు వేసుకోవడం వెనక రుచి ఎంత ఉందో ఈ భయమూ అంతే ఉంది.

పులియబెట్టేటప్పుడు తొట్టిలో వేడి 28–30 డిగ్రీల దగ్గర ఉంచుతారు. 35 దాటితే ఈస్ట్ చచ్చి, చక్కెర మిగిలిపోయే ప్రమాదం. పైకి తేలిన తొక్కలను రోజుకు రెండు మూడుసార్లు లోపలికి ముంచాలి. ఆ తర్వాత 225 లీటర్ల ఓక్ పీపాల్లోకి. ఒక్కో పీపాకు 300 సీసాలు. పీపా నుంచి వైన్ కొంచెం కొంచెం ఆవిరవుతూ ఉంటుంది. ఆ ఖాళీ ఎప్పటికప్పుడు నింపకపోతే గాలి చేరి వెనిగర్ అవుతుంది.

కలపడం చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. 100 మిల్లీలీటర్ల గాజు కొలగొట్టం. 70 మెర్లో, 25 క్యాబర్నే సావిన్యో, 5 మాల్బెక్ పోసి రుచి చూస్తారు. మెర్లో నోటి మధ్యలో నిండుగా ఉంటుంది, క్యాబర్నే వెన్నెముక, మాల్బెక్ రంగు. ఇందులో క్యాబర్నే ఫ్రాంక్ కూడా కలిపితే, అది రెండు మూడు మిల్లీలీటర్లు మారినా వాసన మారిపోతుంది. మా దృష్టిలో హాక్స్ బేలో అసలు పనితనం తెలిసేది క్యాబర్నే ఫ్రాంక్ దగ్గరే.

కొనేటప్పుడు లేబుల్ మీద వరుస చూడండి. ఏ రకం పేరు ముందుంటే దాని వాటా ఎక్కువ. గింబ్లెట్ గ్రావెల్స్ అని రాయాలంటే ద్రాక్షలో 95 శాతం ఈ నేలదే కావాలని అక్కడి సాగుదారుల సంఘం నియమం.

ఇక తాగే వేడి. రెడ్ వైన్ గది వేడిలో తాగాలంటారు కానీ అది చలిదేశపు గది, 16–18 డిగ్రీలు. హైదరాబాద్ మే నెలలో మీ గది 32 ఉంటే ఆల్కహాల్ ఒక్కటే ముక్కుకు కొడుతుంది. 16–18కి దిగేదాకా ఫ్రిజ్‌లో పెట్టండి. పదేళ్ల సీసా అయితే ముందురోజే నిలబెట్టి ఉంచి, మడ్డి కదలకుండా మెల్లగా వంచండి. అడుగున వేలెడంత వదిలేయండి.