మా ముత్తాత మూడు జిల్లాలు

అందరికీ నమస్కారం. వంశవృక్షం అనగానే మనుషుల పేర్లు, గోత్రాలు, ఎవరికి ఎవరు ఏమవుతారు అన్న దగ్గరే ఆగిపోతాం. నేనివాళ ఊళ్ళ గురించి మాట్లాడతాను. నేను బోల్తా పడింది అక్కడే.

మా ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున మూడు కాగితాలు దొరికాయి. మూడింటిలోనూ మా ముత్తాత పేరే. 1901 నాటి క్రయ దస్తావేజులో ఆయన గోదావరి జిల్లా కాపురస్తుడు. 1912 నాటి తనఖా పత్రంలో కృష్ణా జిల్లా. 1931లో అన్నదమ్ములు పంచుకున్న కాగితంలో పశ్చిమ గోదావరి. ఈయనకి కాలు ఒకచోట నిలిచేది కాదు కాబోలు అనుకున్నాను. రెండు వలసలు రాసేశాను, వాటికి కారణాలు కూడా ఊహించాను. మా పెద్దమ్మ చదివి, "ఆయన తణుకు తాలూకా దాటి పెళ్ళిళ్ళకి కూడా వెళ్ళేవాడు కాదురా" అని ఒకటే నవ్వు.

జరిగిందేమిటంటే, 1904లో తణుకు, భీమవరం, నరసాపురం, ఏలూరు తాలూకాలను గోదావరి జిల్లా నుంచి తీసి కృష్ణాలో కలిపారు. 1925లో కృష్ణాను చీల్చి పశ్చిమ గోదావరి చేశారు. ఈ హడావిడంతా పైన కచేరీల్లో జరిగింది. ఈయన తన అరుగు మీదే కూర్చుని ఉన్నాడు.

అప్పట్నుంచి నాదొకటే పద్ధతి. కాగితంలో ఎలా ఉంటే అలాగే దించుకుంటాను: ఊరు, తాలూకా, జిల్లా, రాష్ట్రం, పక్కనే ఆ కాగితం తేదీ. 'బెజవాడ' అని ఉంటే బెజవాడే, కాకినాడను 'కోకనాడ' అని రాసి ఉంటే కోకనాడే. దిద్దను. దాని కింద వేరే వరుసలో ఇప్పటి పేరు రాస్తాను. ఆ రెండో వరుసలో మాత్రం ఒక ఊరికి ఒకే స్పెల్లింగ్. ఓసారి బందరు, ఓసారి మచిలీపట్నం, ఓసారి మసూలీపట్నం అని రాశామంటే, రేపు వెతికేటప్పుడు మన తాతలు మనకే దొరకరు.

ఫోన్ యాప్‌లతో ఇంకో తంటా. 1890లో పుట్టిన మనిషికి కూడా 'ఆంధ్రప్రదేశ్' అని అదే నింపేస్తుంది. ఆ రాష్ట్రం పుట్టిందే 1956లో. తణుకు మనిషికి 1890లో మద్రాసు ప్రెసిడెన్సీ అనే రాయాలి. మండలం కూడా అంతే, 1985కి ముందు తాలూకాలే.

కూనవరం సంగతి చూడండి. 1950లో అక్కడ పుట్టినవాళ్ళది తూర్పు గోదావరి జిల్లా, మద్రాసు రాష్ట్రం. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 1959లో భద్రాచలంతో పాటు ఖమ్మం జిల్లాలోకి వెళ్ళారు. 2014లో భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, కూనవరం మళ్ళీ తూర్పు గోదావరికి వచ్చింది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. ఇల్లు మారకుండానే ఇన్ని చిరునామాలు! తేదీ వేయకుండా ఉత్త జిల్లా పేరు రాస్తే ఏం తెలుస్తుంది?

దక్షిణాఫ్రికా, మారిషస్ తెలుగువాళ్ళ బాధ ఇంకా పెద్దది. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి కూలీలను తీసుకెళ్ళిన ఓడల జాబితాల్లో జిల్లా, తాలూకా, ఊరు రాసి ఉంటాయి. 1860లో మద్రాసు నుంచి వెళ్ళిన ట్రూరో మొదటి ఓడ. చెప్పింది తెలుగువాళ్ళు, రాసింది ఇంగ్లీషులో. ఆ ఊరి పేర్లు కళ్ళతో చదివితే అంతుపట్టవు. పైకి చదివి, చెవితో పట్టుకోవాలి. అలా పట్టుకున్నా అది మీ ఊహే, కాబట్టి పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. ఒక్క విశాఖ వైపే కొత్తపల్లులు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు కదా. తాలూకా కలిస్తే తప్ప ప్రశ్నార్థకం తీయకండి.

మా ముత్తాత మూడు కాగితాలూ ఇక్కడ బల్ల మీద పెట్టాను, చూడండి. 1901ది మడతల దగ్గర చిరుగుతోంది, దాన్ని మాత్రం విప్పకండి.