ఫారం దగ్గర తెగిపోయే బేరం

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలందరినీ ఇప్పటికే పేరుపేరునా తలుచుకున్నారు కనుక నేరుగా విషయంలోకి వస్తాను. నాకిచ్చిన అంశం ‘ఆకట్టుకునే, తేలికగా వాడుకోగలిగే వ్యాపార వెబ్‌సైట్లు’. ఆకట్టుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పి, మిగతా సమయమంతా రెండోదానికే ఇస్తాను.

సైట్ తెరవగానే పైన పెద్ద ఫొటో ఉంటుంది. కెమెరాలోంచి వచ్చింది వచ్చినట్టే నాలుగైదు ఎంబీల ఫైలు ఎక్కిస్తే అదెంత బాగున్నా లాభం లేదు, అది కనబడేలోపే మనిషి వెళ్లిపోతాడు. తెర మీద అన్నిటికన్నా పెద్ద భాగం 2.5 సెకన్లలోపు రావాలని గూగుల్ కొలత. ఫొటోను వెబ్‌పీలోకి, అంటే ఫైలు చిన్నదయ్యే బొమ్మల ఫార్మాట్‌లోకి మార్చండి, ఫోన్‌కు ఫోన్ సైజుదే పంపండి. కింది బొమ్మలకు లేజీ లోడింగ్, అంటే అక్కడిదాకా జరిపినప్పుడే బొమ్మ దిగే ఏర్పాటు పెట్టండి గానీ ఈ మొదటి ఫొటోకు మాత్రం వద్దు. పెడితే బ్రౌజర్ దాన్ని ఇంకా ఆలస్యంగా తెస్తుంది. ప్రతి బొమ్మకూ వెడల్పు, ఎత్తు కోడ్‌లోనే రాయండి. రాయకపోతే బొమ్మ దిగిన క్షణాన కింద ఉన్నదంతా జారిపోయి, ‘ధరలు’ మీద పడాల్సిన వేలు ఇంకెక్కడో పడుతుంది. ఇక వాటంతటవే తిరిగే స్లైడ్లు... వద్దులెండి, ఆ గొడవ మొదలుపెడితే సాయంత్రమవుతుంది.

రంగుల గురించి, అక్షరాల ఎంపిక గురించి కూడా మాట్లాడమన్నారు. స్లైడ్లు తయారుగానే ఉన్నాయి, అయినా వదిలేస్తున్నాను. ఫారం గురించి మాట్లాడాలి, అంటే కొనేవాడు తన వివరాలు రాసి మీకు పంపే పేజీ గురించి. ఎందుకంటే ఫొటో బాగా లేదని వెళ్లిపోయినవాడు కొనాలని వచ్చినవాడో కాదో తెలియదు. ఫారం దాకా వచ్చినవాడు మాత్రం కొనాలనే వచ్చాడు.

ఒక్కసారి ఆ మనిషి పక్కన నిలబడి చూడండి. పేరు రాశాడు. ఫోన్ నంబరు కొట్టాడు, చదువుకోవడానికి వీలుగా మధ్యలో ఒక స్పేస్ ఇచ్చాడు. తనకేం కావాలో బొటనవేలితో ఆరు లైన్లు రాశాడు. ‘పంపు’ నొక్కాడు. పేజీ మళ్లీ మొదటికొచ్చింది. పైన ఎర్రగా ‘చెల్లని సమాచారం’ అని ఒక ముక్క. ఏది చెల్లదు? చెప్పదు. కిందికి జరిపి చూస్తే ఆరు లైన్లూ మాయం. ఇంత అనర్థానికీ కారణం ఆ ఒక్క స్పేస్. దాన్ని తీసేయడానికి కోడ్‌లో ఒక్క లైను చాలు. ఆ లైను మనం రాయలేదు కాబట్టి ఆరు లైన్లు అతను మళ్లీ రాయాలి. రాస్తాడా? మీరైతే రాస్తారా?

స్పేసులు, అడ్డగీతలు, బ్రాకెట్లు వచ్చింది వచ్చినట్టు తీసుకోండి, లోపల మీరే శుభ్రం చేసుకోండి. ఫోన్ గడికి కోడ్‌లో ‘టెల్’ (టెలిఫోన్) రకం పెడితే అంకెల కీబోర్డు వస్తుంది. ‘నంబర్’ రకం పెట్టకండి, అది స్పేసునూ ఒప్పుకోదు, ముందుండే ప్లస్ గుర్తుతోనూ పేచీ పెడుతుంది. గడిలో అక్షరాలు 16 పిక్సెళ్లకు తగ్గితే ఐఫోన్ సఫారీ ముట్టుకోగానే పేజీని జూమ్ చేసి పక్కకు తోసేస్తుంది. ‘పేరు’, ‘ఊరు’ లాంటి మాటలు గడి లోపల లేత బూడిద రంగులో కాదు, గడి పైన ఉండాలి. లోపలుంటే టైపు చేయడం మొదలుపెట్టగానే పోతాయి, అడిగిందేమిటో మనిషి మరిచిపోతాడు. ఆ లేత రంగు చాలాసార్లు 4.5:1 కాంట్రాస్ట్‌కు, అంటే అక్షరానికీ వెనక రంగుకూ మధ్య ఉండాల్సిన కనీస తేడాకు కూడా అందదు.

తప్పు చూపించే పద్ధతి ఒకటుంది. ఈమెయిల్ మొదటి అక్షరం కొట్టగానే ‘తప్పు’ అని అరవకూడదు, గడి దాటాకే చెప్పాలి. ఆ గడి కిందే చెప్పాలి. రంగుతో సరిపెట్టకుండా ‘ఈమెయిల్‌లో ఎట్ గుర్తు లేదు’ అని మాటల్లో చెప్పాలి. ఏం జరిగినా రాసింది చెరిపేయకూడదు. మళ్లీ చెబుతున్నాను, రాసింది చెరిపేయకూడదు!

‘పంపు’ బటన్ 44 పిక్సెళ్ల ఎత్తుంటే వేలికి హాయి. సైట్లు అందరూ వాడుకోగలిగేలా ఉండాలని 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణం కనీసం 24 అంటుంది, ఆ కనీసం దగ్గరే ఆగిపోకండి. నొక్కగానే ‘పంపుతున్నాం’ అని మారాలి, లేదంటే మూడుసార్లు నొక్కుతారు, మీకు మూడు కాపీలొస్తాయి.

ఇంత చేశాక కూడా ఒక గొయ్యి ఉంది. ఫారం మీకు పంపే మెయిల్‌లో ‘నుంచి’ అన్నచోట కొనేవాడి ఈమెయిల్ పెట్టేస్తారు. మీ సర్వర్ వేరొకరి చిరునామాతో ఉత్తరం పంపుతుంటే అవతలి మెయిల్ సర్వర్ దాన్ని దొంగ ఉత్తరమనుకుంటుంది, స్పామ్‌లో పడేస్తుంది, కొన్నిసార్లు అసలు లోపలికే రానివ్వదు. తెర మీద మాత్రం ‘ధన్యవాదాలు, త్వరలో సంప్రదిస్తాం’ అని పడుతుంది. ‘నుంచి’ దగ్గర మీ డొమైన్ చిరునామాయే ఉండాలి, కొనేవాడిది ‘రిప్లై టు’లో, అంటే జవాబు వెళ్లే చోట ఉండాలి.

ఫోన్లు సైలెంట్‌లో పెట్టమన్నారు, నేను బయటికి తీయమంటున్నాను. వైఫై ఆపేసి, మీ సొంత సైట్ తెరిచి, ఫారం నింపండి. నంబరు మధ్యలో స్పేస్ ఇవ్వడం మరిచిపోకండి. ‘పంపు’ నొక్కండి. మెయిల్ వచ్చినవాళ్లు చేయెత్తండి, స్పామ్‌లో దొరికినవాళ్లు కూడా. తొందరేం లేదు, నేనిక్కడే ఉంటాను.