ఇజ్నిక్ గోడల్లో తొలి ఒట్టోమన్ల పనితనం

సభకు నమస్కారం.

టర్కీ వెళ్ళే మనవాళ్ళు చాలామంది ఇస్తాంబుల్, కప్పడోకియా చూసి వెనక్కి వచ్చేస్తారు. తర్వాత పెద్ద సామ్రాజ్యం ఏలిన టర్కీ రాజవంశం ఒట్టోమన్లు. వాళ్ళు కట్టడాల పని నేర్చుకున్న చోటు చూడాలంటే మాత్రం బుర్సా ప్రావిన్సులో, సరస్సు ఒడ్డున ఉన్న ఇజ్నిక్ అనే చిన్న ఊరికి వెళ్ళాలి. దాని పాత పేరు నికాయా. క్రీ.శ. 325లో క్రైస్తవ మతపెద్దల తొలి మహాసభ జరిగింది ఇక్కడే. 1331లో ఒట్టోమన్ల రెండో పాలకుడు ఒర్హాన్ గాజీ ఈ ఊరిని బైజాంటైన్ల నుంచి, అంటే తూర్పు రోమన్ల నుంచి, గెలుచుకున్నాడు. ఇస్తాంబుల్ ఒట్టోమన్ల చేతికి రావడానికి అప్పటికి ఇంకా 122 ఏళ్ళుంది.

ఊళ్ళో దారి తప్పే పని లేదు. చుట్టూ దాదాపు 5 కిలోమీటర్ల కోటగోడ. లోపల రెండు పెద్ద వీధులు అడ్డంగా, నిలువుగా కలుస్తాయి. ఆ కూడలిలోనే అయాసోఫియా ఉంది. అది మొదట చర్చి. ఒర్హాన్ మసీదుగా మార్చాడు, తర్వాత కొంతకాలం మ్యూజియం అయింది, 2011 నుంచి మళ్ళీ మసీదు. చుట్టూ వీధి మట్టం పెరిగిపోవడంతో ఇప్పుడు లోపలికి వెళ్ళాలంటే కిందికి దిగాలి.

కూడలి నుంచి తూర్పుగా, కోటగోడలోని లెఫ్కే ద్వారం వైపు నడవండి. అందరూ తిన్నగా యెషిల్ జామీకి, అంటే ఆకుపచ్చ మసీదుకి, పరుగెడతారు. నా మాట విని ముందు దారిలో ఉన్న హాజీ ఓజ్బెక్ మసీదు దగ్గర ఆగండి. ఒకే గది, ఒకే గుమ్మటం, మినారు లేదు. చూడగానే ఏముందిక్కడ అనిపిస్తుంది. కానీ శాసనంలో తేదీ ఉన్న ఒట్టోమన్ మసీదుల్లో మనకు మిగిలిన అన్నిటికంటే పాతది ఇదే: హిజ్రీ 734, అంటే 1333-34.

లోపల తల పైకెత్తి చూడండి. గది చదరం, ఒక్కో పక్క సుమారు 8 మీటర్లు. గుమ్మటం గుండ్రం. చదరం మీద గుండ్రాన్ని కూర్చోబెడితే నాలుగు మూలలూ ఖాళీగా మిగులుతాయి, బరువు మోసేది ఏదీ ఉండదు. అందుకని గోడకీ గుమ్మటానికీ మధ్య చుట్టూ ఒక పట్టీ కట్టారు. అందులో త్రికోణాలు చీర కుచ్చిళ్ళలా మడతలు పడి, చదరాన్ని మెల్లగా గుండ్రంలోకి తిప్పుతాయి. బయట గోడలో కొన్ని వరుసల ఇటుక, ఒక వరుస రాయి. ఇది బైజాంటైన్ మేస్త్రీల అలవాటు. ఊరు చేతులు మారినా పని చేసే చేతులు చాలావరకు అవే అని ఈ గోడే చెబుతుంది. ఒక్క జాగ్రత్త: ఉత్తరం వైపున్న మూసిన వసారా పాతది కాదు. అసలు వసారా పడమటి వైపు ఉండేది. 20వ శతాబ్దంలో రోడ్డు వెడల్పు కోసం దాన్ని కూల్చేశారు. ఇంత విలువైన కట్టడానికి ఇలా జరగడం బాధ కలిగించే విషయం.

ఇక్కడినుంచి యెషిల్ జామీకి వెళితే తేడా వెంటనే కంటికి ఆనుతుంది. 1378లో మొదలై 1392లో పూర్తయింది. కట్టించింది ఒట్టోమన్ల ప్రధానమంత్రి చందర్లీ హైరెద్దీన్ పాషా. ఆయన 1387లో చనిపోతే కొడుకు అలీ పాషా పూర్తి చేయించాడు. ఇటుక పోయి పాలరాయి వచ్చింది, గుమ్మటం సుమారు 11 మీటర్లకు పెరిగింది. వసారాకీ ప్రార్థన గదికీ మధ్య ఇంకో అంకణం చేరింది. రంగు పలకల మినారును బైనాక్యులర్స్‌తో చూడండి, కానీ ఆ పలకల్లో చాలావరకు గత శతాబ్దపు మరమ్మతుల్లో వేసినవే. శుక్రవారం మధ్యాహ్నం తప్ప ఎప్పుడైనా వెళ్ళవచ్చు. మిగతా నమాజు వేళల్లో కాస్త బయట ఆగితే సరిపోతుంది.

ఎదురుగానే నిలూఫర్ హాతున్ సత్రం. 1388లో ఒర్హాన్ కొడుకు, సుల్తాన్ మొదటి మురాద్ తన తల్లి పేరిట కట్టించాడు. బాటసారులకూ పేదలకూ అన్నం పెట్టిన చోటు. అయిదు అంకణాల వసారా, నడిమి గుమ్మటం కింద హాలు, రెండు పక్కలా గదులు. 1960 నుంచి దీన్ని మ్యూజియంగా వాడారు.

చివరగా పింగాణీ. ఇజ్నిక్ అనగానే అందరికీ గుర్తొచ్చేది అదే, కానీ నేను చెప్పిన కట్టడాలు లేచినప్పుడు ఊరికి ఆ పేరు తెచ్చిన మేలురకం పని ఇంకా పుట్టలేదు. తెల్లటి క్వార్ట్జ్ (పలుగురాయి) ముద్దతో చేసే ఆ రకం 15వ శతాబ్దం చివర్లో వచ్చింది, పైకి ఉబ్బినట్టుండే ఎరుపు 16వ శతాబ్దం మధ్యలో. గొప్ప పలకలు చూడాలంటే ఇస్తాంబుల్‌లోని రుస్తెం పాషా మసీదుకే వెళ్ళాలి. ఇజ్నిక్‌లో కొనాలనుకుంటే సులేమాన్ పాషా మదరసా ముంగిలి చుట్టూ ఉన్న గదుల్లో దుకాణాలున్నాయి. పళ్ళెం బోర్లించి, మెరుగు లేని అడుగు అంచు చూడండి. ఎర్రగానో గోధుమరంగులోనో ఉంటే మామూలు మట్టి. క్వార్ట్జ్ అయితే తెల్లగా, గరుగ్గా ఉంటుంది. క్వార్ట్జ్ ముద్దకు సాగే గుణం తక్కువ, చేసేటప్పుడూ కాల్చేటప్పుడూ చాలా పగిలిపోతాయి. దాని ధర అంతలా ఉండడానికి ముఖ్య కారణం అదే.