‘గణనీయమైన అభివృద్ధి’ అని రాసే ముందు

అందరికీ నమస్కారం. మన తరగతిలో మనమే చేసుకోగలిగిన పరిశోధన గురించి కాసేపు మాట్లాడదామని వచ్చాను, మధ్యలో ఎవరికి అనుమానం వచ్చినా ఆపి అడగండి.

బీఈడీలోనో డీఎడ్‌లోనో మనందరం ఒక యాక్షన్ రీసెర్చ్ ఫైలు, అంటే తరగతిలో ఒక సమస్యను టీచరే పరిశోధించి రాసే ఫైలు, రాసినవాళ్లమే. సమస్య, కారణాలు, ప్రీ టెస్ట్, కృత్యాలు, పోస్ట్ టెస్ట్, చివరి పేజీలో ‘విద్యార్థులలో గణనీయమైన అభివృద్ధి కనిపించింది’. ఇన్నేళ్లలో ‘అభివృద్ధి కనిపించలేదు’ అని ముగిసిన ఫైలు ఒక్కటి కూడా నా కంటపడలేదు. ఇది టీచర్లు అబద్ధాలు రాయడం వల్ల జరిగిందని నేను అనుకోను. చాలామంది నిజంగానే కష్టపడ్డారు, నిజంగానే మార్కులు పెరిగాయి. కానీ ఆ పరిశోధనను ఎలా అమర్చారంటే, టీచర్ ఏం చేసినా, అసలు ఏమీ చేయకపోయినా, మార్కులు పెరిగి తీరతాయి. అసలు చిక్కు అక్కడుంది.

ఎలాగో చూడండి. ఒక పరీక్ష పెడతాం, తక్కువ మార్కులొచ్చిన పదిమందిని విడిగా తీస్తాం. ఆ పదిమందిలో నిజంగా రానివాళ్లు ఉంటారు, ఆ రోజు ఒంట్లో బాగోక రాయనివాళ్లు ఉంటారు, ప్రశ్న సరిగ్గా చదవనివాళ్లు ఉంటారు. నెల తర్వాత మళ్లీ పరీక్ష పెడితే ఈ రెండో రకం, మూడో రకం పిల్లలకు మార్కులు వాటంతట అవే పెరుగుతాయి. పైగా చాలాసార్లు అదే ప్రశ్నపత్రం. పైగా ఆ నెలంతా మామూలు పాఠాలు ఎలాగూ నడిచాయి. జలుబు ఎటూ వారానికి తగ్గేదే, ఆ వారంలో ఏ కషాయం తాగితే దానికి పేరు వస్తుంది. అందుకే మనం కషాయం తాగనివాళ్లను కూడా చూడాలి. తరగతి పరిశోధనలో అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే: నేను ఈ పని చేయకపోయి ఉంటే ఈ పిల్లలు ఎక్కడ ఉండేవాళ్లు?

దీనికి మన దగ్గరే జరిగిన మంచి ఉదాహరణ ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలుపెట్టి ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పెద్ద అధ్యయనాలు చేశారు. వాటిలో ఒకటి 2010లో అచ్చయింది. కొన్ని బడుల్లో సంవత్సరం మొదట్లో పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరికి ఏది వచ్చో ఏది రాదో వివరంగా రిపోర్టు తయారుచేసి టీచర్లకు ఇచ్చారు, దాన్ని ఎలా వాడుకోవాలో చెప్పారు, మధ్యమధ్యలో వచ్చి తరగతులు గమనించారు. ఏ బడులకు ఇవ్వాలన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. గమనించడానికి వెళ్లినప్పుడు రిపోర్టు అందుకున్న బడుల టీచర్లు మిగతావాళ్లకంటే చురుగ్గా పాఠం చెబుతూ కనిపించారు. అయితే సంవత్సరం చివర బయటివాళ్లు పెట్టిన పరీక్షలో ఆ బడుల పిల్లలకూ మిగతా బడుల పిల్లలకూ తేడా రాలేదు.

దీన్ని విని నిరుత్సాహపడొద్దు. దీంట్లో రెండు గట్టి విషయాలున్నాయి. ఒకటి, పోల్చడానికి వేరే బడులు లేకపోతే, ఏడాదిలో సహజంగా వచ్చే పెరుగుదలను చూసి రిపోర్టు పథకం పనిచేసిందని అందరం చప్పట్లు కొట్టేవాళ్లం. రెండు, తరగతి బాగా కనిపించడం వేరు, పిల్లలకు రావడం వేరు. టీచర్ హుషారు, చార్టులు, గ్రూపు పని, పిల్లల ముఖాల్లో ఉత్సాహం, ఇవన్నీ నాకూ ఇష్టమే, కానీ కొలవాల్సింది మాత్రం పిల్లల తలలో ఏం మారిందన్నది.

అదెలా కొలవాలి? ఇక్కడ కొంచెం సేపు ఆగుతాను, ఎందుకంటే మనం ఎక్కువగా జారిపోయేది ఇక్కడే. ఆరో తరగతి దశాంశాలు తీసుకుందాం. ‘0.5, 0.35 ఈ రెండిట్లో ఏది పెద్దది?’ అని అడిగితే చాలామంది పిల్లలు 0.35 అంటారు. ఎందుకురా అంటే ‘ముప్పై అయిదు పెద్దది కదా టీచర్’ అంటారు. అంటే బిందువు తర్వాత ఉన్నదాన్ని మామూలు సంఖ్యలా చదువుతున్నారు. ఇప్పుడు అదే పిల్లవాడికి 0.45, 0.3 ఇచ్చి చూడండి. 0.45 పెద్దది అని టక్కున చెప్తాడు, మనం టిక్కు పెడతాం, ఒక మార్కు వేస్తాం, వాడికి వచ్చేసిందనుకుంటాం. వాడి తప్పు నియమం చెక్కుచెదరకుండా అలాగే ఉంది, ఈ లెక్కకు మాత్రం సరిపోయింది. దీనికి తలకిందులుగా ఆలోచించే ఇంకో రకం పిల్లలుంటారు. బిందువు తర్వాత అంకెలు ఎక్కువుంటే ముక్కలు చిన్నవి, కాబట్టి సంఖ్యా చిన్నదే అనుకుంటారు. వాళ్లు 0.5, 0.35 సరిగ్గా చేస్తారు, 0.45, 0.3 దగ్గర తప్పుతారు.

అంటే పది లెక్కల పేపర్లో పదీ మొదటి రకానివే ఇస్తే ఒక గుంపు పిల్లలకు సున్నాలు, రెండో గుంపుకు పదికి పది వస్తాయి, నిజానికి ఇద్దరికీ స్థానవిలువ తెలియదు. రెండు రకాలూ కలిపి ఇవ్వాలి, 0.5, 0.50 లాంటి జత ఒకటి పడాలి, నలుగురైదుగురిని పక్కన కూర్చోబెట్టుకుని ‘ఎలా చెప్పావు?’ అని అడిగి వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. మార్కుల పట్టిక కన్నా ‘మొదటి తప్పు నియమంలో ఎంతమంది, రెండో దాంట్లో ఎంతమంది’ అన్న లెక్క నాకు చాలా విలువైనది, రేపు పొద్దున ఏం చెప్పాలో అది చెబుతుంది.

ఇక పోలిక సంగతి. 6-ఎ, 6-బి రెండూ మీవే అయితే పని తేలిక. దశాంశాలు ఒక సెక్షన్‌కి సంఖ్యారేఖ మీద చెప్పండి, రెండో సెక్షన్‌కి ఎప్పుడూ చెప్పినట్టే చెప్పండి, ఏ సెక్షన్‌కి ఏదన్నది చీటీ తీసి తేల్చండి. తర్వాతి అధ్యాయానికి అటుదిటు చేయండి. ఏ పిల్లలకూ అన్యాయం జరగదు, పోలికా దొరుకుతుంది. ఒకే సెక్షన్ ఉన్న బడి అయితే మన స్కూల్ కాంప్లెక్స్‌లో, అంటే దగ్గరదగ్గర బడులన్నీ కలిసిన గుంపులో, ఆరేడు బడులు కలవండి. సగం బడులు ఈ నెల, సగం వచ్చే నెల కొత్త పద్ధతి మొదలుపెట్టాలి, పరీక్ష మాత్రం అందరికీ ఒకేరోజు. ముందు ఎవరన్నదానికి కూడా చీటీలే. ‘ఎవరు ముందుకొస్తారు’ అని అడిగితే హుషారైన టీచర్లు చేయెత్తుతారు, అప్పుడు మనం కొలిచేది పద్ధతినా, ఆ టీచర్లనా?

పరీక్ష ఎప్పుడు పెట్టాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికే 2006లో ప్రచురించిన ఒక ప్రయోగంలో కొందరు కాలేజీ విద్యార్థులు ఒక పాఠ్యభాగాన్ని నాలుగు విడతలు చదువుకున్నారు, ఇంకొందరు ఒక విడత చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదువుకున్నవాళ్లకు 83 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 71. వారం తర్వాత పెడితే చదివినవాళ్లు 40కి పడిపోయారు, రాసినవాళ్లు 61 దగ్గర నిలిచారు. మొదటి పరీక్షతో ఆపేసి ఉంటే, ఊరికే మళ్లీ మళ్లీ చదివించడమే మేలని తేల్చేవాళ్లం. కాబట్టి పాఠం అయిన మర్నాడు ఒకటి, మూడు వారాలు గడిచాక చెప్పకుండా ఇంకొకటి పెట్టండి. రెండోదాన్నే నమ్మండి.

దిద్దేటప్పుడు రెండు సెక్షన్ల పేపర్లూ కలిపేసి, పేర్లు మడిచి, పక్క టీచర్‌కి ఇవ్వండి. మన పద్ధతి మీద మనకు ప్రేమ ఉంటుంది, అది అర మార్కుల్లో బయటపడుతుంది. హాజరు కూడా చూసుకోండి. పత్తి ఏరే రోజుల్లో బడికి రాకుండా పోయేది ఎక్కువగా చదువులో వెనకబడ్డ పిల్లలే. చివరి పరీక్షకు వాళ్లు లేకపోతే సగటు దానంతట అదే పైకి లేస్తుంది. రెండు పరీక్షలూ రాసిన పిల్లలనే లెక్కలోకి తీసుకోండి, రానివాళ్లు ఎంతమందో విడిగా రాయండి, వీలైతే వాళ్లు వచ్చాక పెట్టండి.

సంఖ్యల గురించి ఒక్క మాట. ముప్పైమంది పిల్లలు, ఇరవై మార్కుల పేపరు, సగటు 11 నుంచి 12 అయిందనుకోండి, దాన్ని పట్టుకుని ఏమీ చెప్పలేం. మధ్యలో ఏ పాఠం చెప్పకుండా మళ్లీ పెట్టినా అంత తేడా రావచ్చు. ఒక్క తరగతితో తీర్పు ఇవ్వకుండా, నాలుగైదు బడుల్లో అదే దిశలో తేడా వస్తోందా అని చూడాలి.

పై అధికారులకు అప్‌లోడ్ చేసే మార్కులతో మాత్రం దీన్ని కలపకండి, ఇది నా గట్టి అభిప్రాయం. బేస్‌లైన్, ఎండ్‌లైన్ మార్కుల్ని, అంటే మొదట్లోనూ చివర్లోనూ పెట్టే పరీక్షల మార్కుల్ని బట్టి బడికీ టీచర్‌కీ మంచో చెడో పేరొస్తుందని తెలిసిన క్షణంలో ఆ మార్కులు పిల్లల గురించి చెప్పడం మానేస్తాయి, మన టెన్షన్ గురించి చెప్పడం మొదలుపెడతాయి. ఈ పరిశోధన మన కోసం. హెచ్‌ఎంకి చెప్పండి, తల్లిదండ్రులకు చెప్పండి, పిల్లల పేర్లతో ఉన్న మార్కుల ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

మొదలుపెట్టే ముందు ఒక తెల్లకాగితం తీసుకుని, ‘ఈ ఫలితం వస్తే నా పద్ధతి పనిచేయలేదని ఒప్పుకుంటాను’ అని ఆ ఫలితమేంటో రాసి, తేదీ వేసి, తోటి టీచర్‌ చేత సంతకం పెట్టించండి. ఆ వాక్యం రాయలేకపోతున్నారంటే ప్రశ్న ఇంకా తయారవలేదన్నమాట. ‘నా విద్యార్థులలో గణితాభిరుచి పెంపొందించుట’ అని మొదలుపెడితే అది ఎప్పటికీ రాయలేరు. ‘సంఖ్యారేఖతో చెబితే 0.35 పెద్దదనేవాళ్లు మూడు వారాల తర్వాత ఎంతమంది మిగులుతారు, పక్క సెక్షన్‌లో ఎంతమంది?’ అంటే ఐదు నిమిషాల్లో రాసేస్తారు.

వచ్చే కాంప్లెక్స్ మీటింగ్‌కి ఒక్కొక్కరూ ఇలాంటి ప్రశ్న ఒకటి, దానికి సరిపోయే పది లెక్కలో పది వాక్యాలో తీసుకురండి. తెలుగు టీచర్లయితే ఒత్తుల దగ్గర పిల్లలు చేసే తప్పులతో మొదలుపెట్టొచ్చు. ఆ రోజు ఒకరి పేపర్లు ఒకరం మార్చుకుని, ఏ తప్పు నియమంతో కూడా సరైన జవాబు వచ్చేస్తోందో వెతుకుదాం, చీటీలు కూడా అప్పుడే వేసుకుందాం.