కంప్యూటర్ వచ్చా అని అడగకండి

(హనుమకొండలో ఉపాధ్యాయుల శిక్షణ మొదటి రోజు ప్రసంగం)

అందరికీ నమస్కారం. పొద్దున్నే పరకాల నుంచి, ములుగు నుంచి బస్సులు పట్టుకొని వచ్చారు. ఎక్కువసేపు విసిగించను.

ఇందాక లోపలికి వస్తుంటే మీకు ఒక ఫారం ఇచ్చారు. కంప్యూటర్ ఎంత వచ్చు? బాగా, మామూలుగా, కొద్దిగా అని మూడు గడులు. ఏమనుకోవద్దు, దాన్ని నేను చూడను. 'బాగా' అని టిక్కు పెట్టే సార్లలో కొందరికి తాము సేవ్ చేసిన ఫైలు ఎక్కడుందో తెలీదు. 'కొద్దిగా' అని పెట్టిన మేడం ఒకావిడ బడి మొత్తానికి మార్కుల షీట్ తయారుచేస్తోంది. భిన్నాలు వచ్చా అని పిల్లల్ని అడిగి మార్కులు వేయం కదా, బోర్డు దగ్గరికి పిలిచి లెక్క ఇస్తాం.

మీకూ అంతే. ఒక క్లాసు ఎఫ్ఏ (చిన్న పరీక్షల) మార్కులు ఎక్సెల్‌లో ఎక్కించి సగటు తీయాలి. తల్లిదండ్రులకు తెలుగులో నాలుగు లైన్ల లెటర్ టైప్ చేయాలి. రెండూ పీడీఎఫ్ చేసి మెయిల్ పంపాలి. నేను వెనక నిలబడి చూస్తా. టైం పట్టించుకోను, చెయ్యి ఎక్కడ ఆగిందో చూస్తా.

నా చెయ్యి ఎక్కడ ఆగిందో చెప్తాను. మొదటిసారి మార్కులు ఎక్కించేటప్పుడు, ఇరవైకి పన్నెండు కదా అని గడిలో 12/20 కొట్టాను. ఎంటర్ నొక్కగానే డిసెంబర్ అయి కూర్చుంది. చెరిపి మళ్లీ కొట్టాను, మళ్లీ డిసెంబరే. సిస్టమ్ పాడైందనుకొని ఆఫ్ చేసేసి, కాగితం పట్టుకొని చౌరస్తాలో నెట్ సెంటర్‌కు పోయాను. మధ్యలో గీత కనిపిస్తే ఎక్సెల్ దాన్ని తారీఖు అనుకుంటుందని అక్కడి పిల్లవాడు చెప్పాడు. బహుశా నా దగ్గర చదివినవాడే, నవ్వు ఆపుకుంటూ చెప్పాడు. పైన ఒక్కసారి 'మొత్తం 20' అని రాసుకొని, కింద గడుల్లో 12 మాత్రమే కొట్టాలి. అప్పుడే సగటు కూడా వస్తుంది. ఆధార్‌దీ ఇలాంటి గొడవే. 12 అంకెలు కొడితే చుక్క పెట్టి, చివర 'ఈ ప్లస్ 11' అని ఏదో చూపిస్తుంది. నంబర్ ఎక్కడికీ పోలేదు, చూపించే తీరు మారిందంతే. నంబర్లు కొట్టకముందే ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా మార్చుకోండి. బడికి ఇచ్చే యూడైస్ కోడ్ 11 అంకెలే కాబట్టి బతికిపోయింది.

ఇక తెలుగు. డీటీపీ షాపులో 'అను' అనే పాతరకం తెలుగు ఫాంట్లలో ప్రశ్నపత్రం చేయించి, పెన్‌డ్రైవ్‌లో బడికి తెచ్చి తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులు. అది వైరస్ కాదు. ఆ పాత పద్ధతిలో మన అక్షరాలు ఇంగ్లిష్ అక్షరాల ఇళ్లల్లో అద్దెకుంటాయి. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో ఇంటివాళ్లు బయటికొస్తారు. యూనికోడ్ అనే కొత్త పద్ధతిలో తెలుగుకు 128 సొంత గదులు కేటాయించారు. మీరు రోజూ వాట్సాప్‌లో కొట్టే తెలుగు అదే. ఫోన్ కీబోర్డులో మైకు నొక్కి మాట్లాడినా టైప్ అవుతుంది. తెలుగు పండితులు మాత్రం పద్యం చదవకండి. సంధుల దగ్గర అది చేసే అఘాయిత్యానికి బీపీ పెరుగుతుంది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా అంటాను. ఒక నెట్ సెంటర్ గోడ మీద బడి పేరుతో సహా, పిల్లల వివరాలు ఎక్కించే సైటు లాగిన్, పాస్‌వర్డ్ రాసి ఉండటం కళ్లారా చూశాను. పిల్లల ఆధార్, కులం, ఇంటి ఫోన్ నంబర్లు అన్నీ ఆ తలుపు వెనకే ఉంటాయి. ఓటీపీ వస్తే ఫోన్‌లో చదివి చెప్పేది కూడా మనమే. ఈ పూటే పాస్‌వర్డ్ మార్చుకోండి.

ఉపాధ్యాయుల కోసం యునెస్కో 2018లో సవరించిన కంప్యూటర్ నైపుణ్యాల చట్రంలో 18 సామర్థ్యాలు, మూడు స్థాయిలు ఉన్నాయి. మంచిదే. కానీ ఫైలు అటాచ్ చేయడం రాని మనిషికి అది చూపిస్తే మళ్లీ ట్రైనింగ్‌కు రాడు. మనం కింది మెట్టు మీదే కాసేపు కూర్చుందాం.

ఇక్కడ నేర్చుకున్నవాళ్లు మీ బడిలో లీజర్ పీరియడ్‌లో ఇంకొకరికి నేర్పండి. ఒకటే షరతు, మౌస్ ముట్టొద్దు. 'జరగండి సార్, నేను చేస్తా' అన్నారంటే పని అయిపోతుంది, సార్‌కు మాత్రం రాదు.

టీ తాగి ల్యాబ్‌కు రండి. తప్పు పోతే కంట్రోల్ జెడ్ నొక్కండి, చేసింది వెనక్కి పోతుంది. ఆ ఫారాలు పారేయకండి, వెనక వైపు తెల్లగా ఉంది, రఫ్‌కు పనికొస్తాయి.