రాజుగారి ఫొటో తీయని ఫొటోగ్రాఫర్

(ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం సందర్భంగా విజయనగరంలో ఫొటోగ్రఫీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆగస్టు 19న పిలిచారు కాబట్టి 1839 నుంచి మొదలుపెట్టి కెమెరా చరిత్ర చెబుతాననుకుని ఉంటారు. అది ఎలాగూ మీ సిలబస్‌లో ఉంది. లోపలికి వస్తూ వరండాలో మీరు పెట్టిన ఫొటోలు చూశాను. పైన ఒక ప్రముఖ ఫొటోగ్రాఫర్ పేరు, కింద ఆ స్టైల్లో మీరు తీసిన ఫొటో. వాటి గురించే మాట్లాడతాను.

‘కార్తియే బ్రెసాన్ స్టైల్’ అని రాసినచోట ఫొటోలన్నీ బ్లాక్ అండ్ వైటే. కోట గోడ, దాని ముందు సైకిల్ మీద ఎవరో వెళ్తున్నారు. చూడటానికి బాగానే ఉన్నాయి. కానీ రంగు తీసేసి కాస్త గ్రెయిన్, అంటే ఇసక చల్లినట్టుండే చుక్కలు, వేస్తే వచ్చేది యాప్ స్టైల్. ఆయన స్టైల్ ఎక్కడుందో తెలియాలంటే ఆయన ఎక్కడ నిలబడ్డాడో, ఏ వైపు తిరిగాడో, దేన్ని వదిలేశాడో చూడాలి.

1937 మే నెలలో లండన్‌లో ఆరో జార్జి పట్టాభిషేకం జరిగింది. ఆన్రీ కార్తియే బ్రెసాన్ ఒక ఫ్రెంచి పత్రిక తరఫున వెళ్లాడు. అప్పటికి ఆయనకి ముప్పై కూడా నిండలేదు. ఊరేగింపుని కవర్ చేసి వచ్చాడు గానీ రాజుగారి ఫొటో ఒక్కటీ తీయలేదు! తీసిందంతా చూడటానికొచ్చిన జనాన్ని. వాటిలో ఒకటి ట్రఫాల్గర్ స్క్వేర్‌లో తీసింది. గట్టు మీద జనం బారుగా కూర్చుని ఒకే వైపు చూస్తుంటారు. కింద కాగితాల కుప్పలో ఒకాయన ఆదమరిచి నిద్రపోతుంటాడు. రాజు కోసం రాత్రంతా ఎదురుచూసి, తీరా రాజు వచ్చే వేళకి నిద్రపోయాడని మనం ఊహించుకుంటాం. ఆ ఊహకి చోటివ్వడమే ఆయన గొప్ప.

ఇప్పుడు మన సిరిమాను సంగతి. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ గుడి నుంచి కోట దాకా సిరిమాను, అంటే పూజారిని చివర కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి చెట్టు మాను, మూడుసార్లు తిరుగుతుంది. ఆ రోజు మూడు లాంతర్ల కూడలి దగ్గర నిలబడితే ఏం కనిపిస్తుంది? వేల ఫోన్లు, అన్నీ పైకే. పూజారి మాను చివర కూర్చుని ఉంటారు, ఆకాశం తెల్లగా ఉంటుంది, ఫొటోలో ఆయన ఒక నల్ల చుక్క. మర్నాడు అందరి స్టేటస్‌లోనూ అదే చుక్క. అదే సమయంలో మేడల మీద ఎవరు ఎవరి భుజం పట్టుకుని వేలాడుతున్నారో, పిల్లల్ని ఎలా ఎత్తి చూపిస్తున్నారో, దణ్ణం పెట్టే చేతిలోనే ఫోన్ ఎలా ఇరుక్కుందో ఎవరు తీశారు? ఒక్కసారి మానుకి వీపు పెట్టి నిలబడి చూడండి. అమ్మవారేమీ అనుకోదు.

ఇంకో మాట. క్రాప్ చేయకూడదని, అంటే తీశాక ఫొటో అంచులు కోయకూడదని, పట్టుబట్టే మనిషిగా బ్రెసాన్‌కి పేరు. 1932లో పారిస్‌లో సెయింట్ లజార్ స్టేషన్ వెనక నీటిగుంట దాటుతూ ఒకాయన గాల్లో ఉన్న ఫొటో మీ అందరికీ తెలుసు. కంచె సందులోంచి తీశాడు, పక్కన అడ్డొచ్చింది, దాన్ని క్రాప్ చేశాడు. కాబట్టి క్రాప్ చేశామని ఎవరైనా తిడితే మరీ టెన్షన్ పడకండి.

దీన్ దయాళ్ పేరు వరండాలో ఒక్క చోటే కనిపించింది. హైదరాబాద్‌లో ఆరో నిజాం దగ్గర పనిచేసిన మనిషి, మన సొంత సొత్తు అనుకోవాలి. 1844లో పుట్టాడు, 1905లో పోయాడు. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇందోర్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా, అంటే కట్టడాల ప్లాన్లు గీసే పనిలో, చేరాడు. అందుకే ఆయన తీసిన కట్టడాల్లో గీత గీతలా ఉంటుంది, గోడ గోడలా నిలబడుతుంది. ఆ కాలపు పెద్ద కెమెరాలో గాజు ప్లేటుని నిట్టనిలువుగా ఉంచి లెన్స్‌ని మాత్రం కాస్త పైకి జరపొచ్చు. మనం ఫోన్ పైకెత్తి తీస్తాం, గంటస్తంభం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. వెనక్కి నడిచి, ఫోన్ నిటారుగా పట్టుకుని, కింద మిగిలిన రోడ్డు కోసేయండి. దీన్ దయాళ్ స్టైల్ అంటే సెపియా రంగు కాదు, ఇదీ.

మార్గరెట్ బర్క్ వైట్ 1946లో గాంధీని రాట్నంతో తీసిన ఫొటో చూసే ఉంటారు. రాట్నం ముందు, పెద్దగా. మనిషి వెనక, చదువుకుంటూ. ఫొటో తీయాలంటే ముందు వడకడం నేర్చుకోవాలని గాంధీ దగ్గరివాళ్లు షరతు పెట్టారు. ఆమె నేర్చుకుంది. మూడు ఫ్లాష్ బల్బులకే అనుమతి. రెండు ప్రయత్నాలు పోయాయి, మూడోది నిలిచింది. మీరు రైలెక్కితే పొందూరు ఎంత దూరం? అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు. సన్నటి పళ్ల వరస మధ్య నుంచి పీచు లాగుతుంటే చెత్తంతా ఇవతలే ఆగిపోతుంది. ఆ ఎముక ఏ చేతిలో పట్టుకుంటారో, పీచు ఎటు లాగుతారో తెలియకుండా వెళ్తే మీకు దొరికేది రాట్నం పక్కన నవ్వే ముసలమ్మ ఒక్కతే. ఆ ఫొటో ప్రతి క్యాలెండర్‌లోనూ ఉంది.

ఇక డొరొథియా లాంగ్. ఇక్కడ కాస్త ఆగుదాం.

1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమోలో, బఠాణీ కోత కూలీల శిబిరంలో, ఒక తల్లిని తీసింది. మీ గోడ మీద ఆ ఒక్క ఫొటోనే ఉంది. ఆ వరసలోని మిగతావి కూడా అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. మొదట గుడారం అంతా, తర్వాత తల్లీ పిల్లలూ, చివరికి మొహం. అడుగు అడుగుగా దగ్గరకి వచ్చింది. ఒక ప్రసిద్ధ ఫొటో గురించి నేర్చుకోవాలంటే దాని పక్క ఫ్రేములు చూడండి. ఎక్కడ ఆగిపోకుండా ముందుకు వెళ్లిందో తెలుస్తుంది.

అయితే లాంగ్ ఆ తల్లి పేరు అడగలేదు. తానే తర్వాత రాసుకుంది. ఫొటో పత్రికలో పడ్డాక ఆ శిబిరానికి ప్రభుత్వం నుంచి ఇరవై వేల పౌండ్ల, అంటే సుమారు తొమ్మిది వేల కిలోల, ఆహారం వచ్చింది. అప్పటికే ఆ కుటుంబం అక్కడి నుంచి వెళ్లిపోయింది. నలభై ఏళ్లు దాటాక, 1978లో, ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది. ఆ బొమ్మ వల్ల తనకి పైసా రాలేదని ఆమె బాధపడింది. 1983లో ఆమెకి జబ్బు చేసినప్పుడు మాత్రం, ఆ ఫొటో గుర్తున్న జనమే విరాళాలు పంపారు. ఆ ఫొటో మంచి చేసిందా చెడు చేసిందా అంటే నేను తేల్చి చెప్పలేను. లాంగ్ మీద గౌరవం తగ్గలేదు గానీ, పేరు అడగకపోవడం మాత్రం నాకు నచ్చదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మీలో కొందరు పలాస వెళ్లి జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు తీసుకొచ్చారు. పిక్కల రసానికి నల్లబడిన వేళ్లు, గోళ్ల చివర తోలు లేచిన చోటు కూడా కనిపిస్తోంది. వరండాలో అన్నిటికన్నా నేను ఎక్కువసేపు చూసింది ఆ ఫొటోనే. కింద ‘శ్రమ’ అని ఉంది, తీసిన అబ్బాయి పేరుంది. ఆ చేతులు ఎవరివో లేదు. వాళ్లే వద్దన్నారా? అడిగి, వద్దంటే రాయకపోవడం వేరు, అసలు అడగకపోవడం వేరు.

మీ మాస్టారితో మాట్లాడాను. ఈసారి రికార్డులో స్టైల్ పేరు రాయనక్కర్లేదు. ఎంచుకున్న ఫొటోగ్రాఫర్ ఒక్క ఫొటోకి పక్క ఫ్రేములు వెతికి పెట్టండి, మీ ఫొటోకి కూడా పక్క ఫ్రేములు పెట్టండి, బాగా రానివి కూడా డిలీట్ చేయకుండా. పలాస బ్యాచ్ మాత్రం ఇంకోసారి వెళ్లాలి, ప్రింట్లు పట్టుకుని. పన్నెండు బై ఎనిమిది సైజు నా స్టూడియోలో ఉచితంగా వేసిస్తాను, శనివారం సాయంత్రం లోపు పెన్‌డ్రైవ్‌లో తెచ్చివ్వండి. ప్రశ్నలుంటే అడగండి, వెనక బెంచీల వాళ్లు ముందు.